స్కోప్ అద్దం పెద్దదైతే చీకట్లో కనిపిస్తుందా?

"పెద్ద అద్దం ఉన్న స్కోప్ తీసుకో అన్నా, రాత్రి కూడా పగల్లా కనిపిస్తుంది." ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ కొనబోయేవాళ్లకి ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. బెంగళూరు మహదేవపురలో పశువుల దాణా గోడౌన్ నడిపే మా బావమరిదికీ ఇచ్చారు. పందికొక్కులు గోతాలు కొరికి తవుడూ మొక్కజొన్నా నేలపాలు చేస్తున్నాయి. విషం పెడదామంటే పక్కనే దాణా. బోను పెడితే ముదురు కొక్కు దాని దరిదాపులకి కూడా రాదు. ఇక లాభం లేదని రైఫిల్ కొన్నాడు. దాని మీద 50 మిల్లీమీటర్ల అద్దం, 16 రెట్ల దాకా జూమ్ ఉన్న స్కోప్ బిగించాడు. మొదటి రాత్రే ఫోన్ చేశాడు: "బావా, ఉత్త కంటికి కనిపించే కొక్కు స్కోపులో చూస్తే మాయమైపోతోంది!"

మాయమవుతుంది మరి. స్కోప్ అయినా బైనాక్యులర్ అయినా గోడనీ గోతాన్నీ జంతువు ఒంటినీ ఉత్త కంటికి కనిపించేదానికన్నా వెలుగ్గా చూపించలేదు. పెద్దగా చూపిస్తుంది, అంతే. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది డబ్బు పోగొట్టుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది.

ఎందుకో నీళ్ల ట్యాంకర్‌తో పోల్చి చెబుతాను. మహదేవపుర వాళ్లకి ట్యాంకర్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి వీధివీధినా ట్యాంకర్ కోసం కాపలా కాసిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. స్కోప్ ముందున్న అద్దాన్ని ట్యాంకర్ అనుకోండి. వెనక నుంచి కంటిలోకి వచ్చే కాంతి ధార పైపు. మన కంటిపాప సంపు మూతి. పైపు సంపు మూతికన్నా లావైతే మిగతా నీళ్లు రోడ్డు పాలు. పైపు మరీ సన్నమైతే ట్యాంకర్ ఎంత పెద్దదైనా సంపులోకి పడేది చిన్న ధారే.

ఆ ధార లావు ఎంతో తేల్చడానికి ఒక్క భాగహారం చాలు. ముందు అద్దం వెడల్పుని జూమ్‌తో భాగించాలి. 40 మిల్లీమీటర్ల అద్దం, 4 రెట్లు అయితే ధార 10 మిల్లీమీటర్లు. కుర్రవాళ్ల కంటిపాప చిమ్మచీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. యాభై దాటిన చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ 10లో కొంత వృథా పోయినా కన్ను నిండుతుంది. మా బావమరిది ఏం చేశాడు? 50 మిల్లీమీటర్ల అద్దం కదా అని జూమ్ 16కి తిప్పాడు. ధార 3 మిల్లీమీటర్లకి వచ్చేసింది. అతని కంటిపాప 6 మిల్లీమీటర్లు తెరుచుకుందనుకుందాం. అడ్డంగా సగం, నిలువునా సగం. కంటికి అందేది నాలుగో వంతు కాంతి. పందికొక్కు కనిపించకపోవడానికి కారణం ఇదే. జూమ్ 7కి దించగానే అదే స్కోపులో, అదే గోడౌన్‌లో, అదే మూల తేటపడింది. కొత్త అద్దమేమీ కొనలేదు.

దీన్ని కళ్లారా చూడొచ్చు. పగలు స్కోప్‌ని రైఫిల్ నుంచి విప్పి, ముందు అద్దాన్ని వెలుగుగా ఉన్న గోడ వైపో, సూర్యుడు లేని ఆకాశం వైపో పెట్టి, వెనక అద్దాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకోండి. నల్లటి చట్రం మధ్య తెల్లటి వృత్తం కనిపిస్తుంది. ధార అదే. జూమ్ రింగు తిప్పుతూ పోతే అది చొక్కా గుండీ సైజు నుంచి మినపగింజంత అయ్యేదాకా చిన్నదవుతూ పోతుంది. పిల్లల స్కేలు పక్కన పెట్టి కొలవండి. అంగడిలో చెప్పే మాటలకన్నా ఆ స్కేలు చెప్పేది నమ్మదగింది.

జూమ్ దండగని కాదు. 12 మీటర్ల దూరంలో ఉన్న కొక్కుని 4 రెట్లలో చూస్తే 3 మీటర్ల దగ్గర ఉన్నట్టుంటుంది. గోడౌన్‌కి అంతకన్నా ఏం కావాలి?

ట్యాంకర్ పైపుకి జాయింట్లు ఉంటాయి, కారుతుంటాయి. స్కోపులోనూ అంతే. లోపల వరసగా ఉన్న గాజు అద్దాల్లో, పూత లేని ప్రతి ముఖం దగ్గరా దాదాపు 4 శాతం కాంతి వెనక్కి తిరిగిపోతుంది. అలాంటి ముఖాలు 12 ఉంటే చివరికి చేరేది 60 శాతం చిల్లర. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకూలా కాంతిని వెనక్కి పోనివ్వని పూత కనిపెట్టాడు. మంచి బహుళ పొరల పూత ఉంటే అవే 12 ముఖాలు దాటి 90 శాతం పైగా వస్తుంది. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. అద్దం వెడల్పు మీద కాదు.

జర్మనీ వేటగాళ్లు 8 రెట్లు, 56 మిల్లీమీటర్ల స్కోపులు వాడతారని కొందరు వాదిస్తారు. నిజమే, వాళ్ల లెక్క కూడా 7 మిల్లీమీటర్ల ధారే. కానీ అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, సందె వెలుగు అరగంటకి పైగా నిలుస్తుంది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా మునుగుతాడు, సందె వెలుగు 22 నిమిషాలు అటూ ఇటూ. మసక చీకటి కోసం చేసిన భారీ స్కోప్ ఇక్కడ ఆ కాసేపటికే అక్కరకొస్తుంది. ఆ తర్వాత కావాల్సింది లైటు.

ఆ లైటు ఎర్రదైతే మేలు. ఎలుక జాతి కళ్లకి ఎరుపు సరిగ్గా ఆనదు. మన కంట్లో చీకటి చూపుకి పనిచేసే కణాలూ ఎరుపుకి పెద్దగా చెదరవు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూస్తే ఆ కూడబెట్టిన దాంట్లో చాలావరకు పోతుంది.

చీకటి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. చీకట్లో ఎలుకల్ని పట్టడంలో గూబని మించిన జీవి లేదు. తెల్లటి హృదయాకార ముఖమున్న గూబ వెలుగే లేని చోట కూడా చప్పుడు విని ఎలుకని పడుతుంది. మనవాళ్లు దాన్ని చావుపిట్ట అని పేరు పెట్టి, కప్పు మీద వాలితే కీడని రాళ్లేసి తోలుతారు. గింజలు దాచుకునే ఇంటికి ఎలుకలు తినే పిట్ట వస్తే కీడెలా అవుతుంది?

స్కోప్ గురించి మిగతా మూడు విషయాలు క్లుప్తంగా. స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకీ కుదుపుతుంది. ఆ ఎదురు కుదుపుకి పెద్ద తుపాకీ స్కోపులు కూడా చెడతాయి. నా మొదటి స్కోపులో అడ్డగీతలు రెండు నెలల్లో పక్కకి ఒరిగాయి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. రెండోది, 10 మీటర్ల దగ్గర కూడా తేటగా చూపేలా సర్దుకునే వీలుండాలి. మామూలు తుపాకీ స్కోపుల్ని 100 గజాలకి కుదిర్చి పంపుతారు. మూడోది, గీతలు మరీ సన్నగా ఉంటే మసకలో కనిపించవు, మధ్యలో ఎర్రగా వెలిగే చుక్క ఉంటే మంచిది, కానీ దాని వెలుగు బాగా తగ్గించే వీలుండాలి.

చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళం మించని, 20 జౌళ్లలోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. దేన్నయినా కాల్చొచ్చని దానికి అర్థం కాదు. కుక్కనీ కోతినీ పిట్టనీ కాల్చడం నేరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ, 1972 నాటి వన్యప్రాణి చట్టమూ ఉన్నాయి. ఇళ్ల మధ్య గోడౌన్‌లో పెల్లెట్ రేకుని తాకి ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కొక్కు వెనక ఇసుక బస్తాలు లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. అక్కడున్నది ఏమిటో తెలుసుకోవడానికి స్కోప్ ఎత్తొద్దు. ముందు టార్చి వేసి చూడాలి. గోతాల వెనక కాపలా మనిషి పడుకుని ఉండొచ్చు.

మా బావమరిది ఇప్పుడు జూమ్ రింగుని 5 దగ్గర టేపు వేసి కదలకుండా చేశాడు. ఎర్ర లైటు దూలానికి కట్టాడు. మొన్న వెళ్లి చూశాను. దాణా బస్తాల మూల గోడకి ఆనించి ఇసుక బస్తాలు, వాటి ముందు చిటికెడు మొక్కజొన్న రవ్వ, స్కోపులో ఒక్కో గింజా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తోంది.