కార్ స్టార్ట్ అవ్వట్లేదా? కీ గుర్తు బ్లింక్ అవుతోందా? టోయింగ్‌కి ఫోన్ చేసే ముందు ఇది చదవండి

మా నాన్నకి వారానికి మూడు సార్లు డయాలసిస్. స్లాట్ ఉదయం 6 గంటలకి. ఆ రోజు 5:30కి సెల్లార్‌లోకి దిగి రిమోట్ నొక్కితే కార్ పలకలేదు. స్మార్ట్ కీ లోపల దాచి ఉండే చిన్న తాళం చెవి బయటకు లాగి డోర్ తీశా. అంతే, అలారం మొదలైంది! స్టార్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా మీటర్ల దగ్గర కీ గుర్తు బ్లింక్ అవుతోంది తప్ప ఇంజిన్‌లో చలనం లేదు. "బ్యాటరీ వైర్ పీకి మళ్ళీ పెట్టండి సార్" అన్నాడు వాచ్‌మన్. నాన్న మాత్రం "ముందు ఆటో పిలవరా" అన్నారు. ఇరవై నిమిషాలు లేటుగా చేరాం.

మధ్యాహ్నం కార్‌ని టోయింగ్ చేయించి తీసుకెళ్తే, సర్వీస్ సెంటర్ కుర్రాడు నా కీనే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాడు. స్టార్ట్ అయిపోయింది. పది సెకన్ల పని!

అసలు జరిగిందేంటంటే, కీలో సెల్ అయిపోయింది. కార్‌ని ఆపింది ఇమ్మొబిలైజర్. అలారం వేరు, ఇది వేరు. అలారం అరుస్తుంది, ఇది నోరు మెదపకుండా ఇంజిన్‌ని ఆపేస్తుంది. యూరప్‌లో 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లకి ఇది తప్పనిసరి. కార్ ఒక ప్రశ్న పంపుతుంది, కీలోని చిప్ సరైన జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఇంజిన్ కంప్యూటర్ స్టార్ట్ అవ్వనివ్వదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగిపోతుంది కూడా.

ఇక్కడే చాలామందికి (నాతో సహా) తెలియని విషయం ఉంది. ఆ చిప్‌కి సెల్ అక్కర్లేదు. మెట్రో కార్డ్ లాగా, కార్‌లోని యాంటెన్నా కాయిల్ నుంచే కరెంట్ తీసుకుంటుంది. కాకపోతే బాగా దగ్గరగా ఉండాలి, కొన్ని సెంటీమీటర్లు అంతే. జేబులో ఉంటే చాలదు. అందుకే బ్రేక్ నొక్కి, కీని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కాలి. కొన్ని మోడల్స్‌లో కప్ హోల్డర్ దగ్గరో, కన్సోల్‌లోనో దీనికి చోటు ఉంటుంది. మీ కార్ మాన్యువల్‌లో ఆ పేజీ ఇప్పుడే ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంజిన్ ఆన్ అయితే చాలా కార్లలో అలారం కూడా ఆగిపోతుంది.

అయినా అవ్వలేదా? కీ పక్కన ఫోన్, ఇంకో కార్ కీ, లోహపు కీచైన్ ఉంటే తీసేయండి. వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ మీద కీ అస్సలు పెట్టొద్దు. తర్వాత స్పేర్ కీ ట్రై చేయండి. డ్యాష్‌బోర్డ్ లైట్లే మసకగా ఉండి టకటక శబ్దం వస్తుంటే మాత్రం తప్పు కీది కాకపోవచ్చు, కార్ బ్యాటరీ చూడాలి.

వాచ్‌మన్ సలహా విషయానికొస్తే, బ్యాటరీ వైర్ పీకితే కీ కోడ్ రీసెట్ అవ్వదు. తోసి స్టార్ట్ చేయడమూ వేస్టే. రోడ్డు పక్క "బైపాస్ చేసేస్తా" అనే ఎలక్ట్రీషియన్‌కి అస్సలు ఇవ్వకండి, దొంగకి ఆ పని మీరే చేసిపెట్టినట్టు.

నా కీలో ఉన్నది సీఆర్2032 సెల్, 3 వోల్టులది. మీ దాంట్లో వేరే నంబర్ ఉండొచ్చు, తెరిచి చూసి కొనండి. నేను రెండు కొన్నా. ఒకటి కీలో వేశా, ఇంకోటి నాన్న హాస్పిటల్ ఫైల్ బ్యాగ్‌లో ఉంది.