సంతకం నేర్చుకున్న అమ్మని వేలిముద్ర అడిగారు

"నాకు సంతకం వచ్చు బాబూ. ఎక్కడ పెట్టమంటావో చెప్పు."

హైదరాబాద్‌లో వీసా సెంటర్ కౌంటర్ దగ్గర మా అమ్మ అన్న మాట ఇది. అవతలున్న కుర్రాడు నవ్వాడు. "సంతకం కాదమ్మా, వేళ్లు పెట్టండి. ముందు ఎడమ చేతి నాలుగు వేళ్లు" అన్నాడు.

మాది తిరువూరు దగ్గర పల్లె. అమెరికాలో ఉన్న మా అక్కకి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అమ్మ వెళ్లాలి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాబట్టి ఫారాలు నింపడం, ఫీజు కట్టడం, ఇంటర్వ్యూకి ముందు వేలిముద్రలకి తీసుకెళ్లడం అన్నీ నా వంతు.

మా వైపు 'వేలిముద్రగాడు' అంటే తిట్టు. అమ్మ డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు ఆ మాట పడలేక, నా రెండో తరగతి పలక మీదే దిద్ది దిద్ది సంతకం నేర్చుకుంది. నెల పట్టింది. బ్యాంకు పుస్తకంలో మొదటిసారి సంతకం పెట్టొచ్చిన రోజు మా ఇంట్లో పరమాన్నం వండింది. అలాంటి మనిషిని మళ్లీ వేలు పెట్టమంటే మొహం చిన్నబోదా?

పోనీ పెడితే పడిందా అంటే అదీ లేదు. మొదటిసారి పడలేదు. తడి టిష్యూతో తుడుచుకోమన్నారు. మళ్లీ పడలేదు. వెనక లైను పెరుగుతోంది. అమ్మ చేతులు కొంగు చాటున దాచుకుని, "నా చేతులు బాగోలేవా అబ్బాయ్?" అంది. నాలుగోసారి గట్టిగా అదిమి పెడితే మిషన్ ఒప్పుకుంది.

బాగోకపోవడమేం? ముప్పై ఏళ్లుగా మామిడికాయలు కోసి, సొన కాలి, తొక్క ఊడి, మళ్లీ వచ్చిన చర్మం అది. ఎండాకాలం మామిడి, అంతకుముందు మిరపకోత. రేషన్ షాపు మిషన్ దగ్గరా ఆ వేళ్లతో ఇదే గొడవ. ఒక నెల మూడుసార్లు తిరిగితే గానీ బియ్యం రాలేదు.

మిషన్ ఏం చూస్తుంది?

నేను రాసేది వేరే రకం సాఫ్ట్‌వేర్ అయినా, ఇంటికొచ్చాక అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. వేలి మీద సన్నటి గీతలుంటాయి కదా. ఒక గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులు ఏరి కంప్యూటర్ ఒక పటం తయారుచేసుకుంటుంది. రెండోసారి వేలు పెట్టినప్పుడు కొత్త పటాన్ని పాతదానితో పోల్చి మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులొస్తే పాస్ అన్నది మాత్రం మనుషులే నిర్ణయిస్తారు. పాస్ మార్కు పెంచితే అమ్మలాంటి అసలు మనుషులు ఫెయిలవుతారు. తగ్గిస్తే వేరొకరు ఆ పేరుతో పాసైపోవచ్చు. రెండు తప్పులూ ఒకేసారి సున్నా చేయగల మిషన్ ఇంకా రాలేదు.

"అంటే మన తప్పేం లేదన్నమాట" అంది అమ్మ. అసలు విషయం అదే. కానీ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు తప్పు మనదే అనిపిస్తుంది.

2004లో మొదలై...

విదేశీయులు దిగగానే వేళ్లు, మొహం తీసుకోవడం అమెరికాలో 2004 జనవరి 5న పెద్ద ఎత్తున మొదలైంది. యూఎస్-విజిట్ అని పేరు. 115 విమానాశ్రయాలు, 14 ఓడరేవుల్లో పెట్టారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వచ్చిన ఏర్పాటు ఇది. మొదట రెండు చూపుడు వేళ్లే అడిగేవారు. 2007 చివరి నుంచి పది వేళ్లకి మారారు. అది మొదలవడానికి కొద్ది రోజుల ముందే బ్రెజిల్‌లో ఒక జడ్జి, 'మా వాళ్లకి చేసిందే మీ వాళ్లకీ' అంటూ అక్కడ దిగే అమెరికన్ల వేలిముద్రలు, ఫొటోలు తీసుకోమని ఆదేశించాడు.

తర్వాత ఇది అందరికీ మామూలైపోయింది. జపాన్ 2007 నవంబర్ 20న మొదలుపెట్టింది. కువైట్ 2024 డిసెంబర్ 31 గడువు పెట్టి, అక్కడుంటున్న ప్రవాసులందరూ బయోమెట్రిక్ ఇవ్వాల్సిందే అంది. ఇవ్వనివాళ్లకి బ్యాంకు లావాదేవీలు ఆగిపోయాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లూ అక్కడ ఉన్నారు. యూరప్‌లో 29 దేశాలు 2025 అక్టోబర్ 12 నుంచి పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు మొహం ఫొటో, నాలుగు వేళ్లు తీసుకోవడం మొదలుపెట్టాయి. మనమేమీ తక్కువ తినలేదు. ఈ-వీసా మీద వచ్చే విదేశీయుల వేళ్లు, ఫొటో మన విమానాశ్రయాల్లోనూ తీసుకుంటారు.

అమెరికాలో ఈ వివరాలు 75 ఏళ్ల దాకా ఉంచుకోవచ్చు. యూరప్‌లో నిబంధనల ప్రకారం వెళ్లివచ్చినవాళ్లవి మూడేళ్లే. అదే వేలు, అదే పని. అక్కడ మూడు, ఇక్కడ డెబ్బై అయిదు ఎందుకని వేలు పెట్టేవాడు అడగలేడు.

ఇది మన దగ్గర పుట్టిందే

ఈ పద్ధతి మూలాలు వెతికితే మన దేశానికే వచ్చి ఆగుతాయి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు సామగ్రి ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత అరచెయ్యి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల కష్టముంది. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

ఆ తర్వాత సంగతి దక్షిణాఫ్రికాలో. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో 1906లో ఒక ఆర్డినెన్సు వచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన భారతీయులు పేరు నమోదు చేసుకోవాలి, పది వేళ్ల ముద్రలివ్వాలి, ఆ పత్రం అడిగినప్పుడల్లా చూపించాలి. ఆ ఏడాది సెప్టెంబర్ 11న జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో మీటింగు పెట్టి, జైలుకైనా పోతాం గానీ దీనికి లొంగమని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం పుట్టింది అక్కడే.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. 1908 ఫిబ్రవరిలో గాంధీ తనే ముద్రలివ్వడానికి బయల్దేరాడు. స్వచ్ఛందంగా నమోదైతే చట్టం తీసేస్తారన్న రాజీ కుదిరిందని ఆయన నమ్మకం. దారిలో మీర్ ఆలం అనే పఠాన్, మాకు ద్రోహం చేశావంటూ కొట్టాడు. గాంధీ మంచం మీద నుంచే ముద్రలిచ్చాడు. చట్టం మాత్రం పోలేదు. ఆగస్టు 16న రెండు వేలకి పైగా పత్రాల్ని హమీదియా మసీదు దగ్గర తగలబెట్టారు. అంటే ఆయన గొడవ సిరాతో కాదు, వేలితో కాదు. నేరం చేయని మనిషిని నేరస్తుడిలా నిలబెట్టే బలవంతంతో.

తప్పు జరిగితే?

జరుగుతుంది. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక దొరికిన ఒక ముద్ర, అమెరికాలో ఓరెగన్ లాయరు బ్రాండన్ మేఫీల్డ్‌దేనని ఎఫ్‌బీఐ తేల్చింది. కంప్యూటర్ చూపించిన పేర్లలోంచి నిపుణులే ఆయన్ని ఖాయం చేశారు. రెండు వారాలు నిర్బంధించాక ఆ ముద్ర వేరే వ్యక్తిదని స్పెయిన్ పోలీసులు చెప్పారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. 2006లో 20 లక్షల డాలర్లు ఇచ్చారు.

ఇంకో సంగతి. 2008 డిసెంబర్‌లో సింగపూర్ నుంచి అమెరికా వెళ్లిన 62 ఏళ్ల క్యాన్సర్ రోగికి వేళ్ల మీద ముద్రలే లేవు. కాపెసిటబీన్ మందు వల్ల చర్మం ఊడిపోయింది. విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. వైద్య పత్రికలోకి ఎక్కిన కేసు ఇది.

దాచినవి భద్రంగా ఉంటాయా? 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుంచే 56 లక్షల మంది వేలిముద్రలు దొంగల పాలయ్యాయి. మా ఆఫీసులో పాస్‌వర్డ్ బయటికి పొక్కితే అయిదు నిమిషాల్లో మార్చేస్తాం. పోయినవి వేళ్లయితే ఏం మారుస్తాం?

అందుకని ప్రయాణం మానేయమని కాదు. వేళ్లకి గాయాలుంటే మానాకే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. అరిగిన చేతులైతే ముందు కొన్నాళ్లు రోజూ కొబ్బరినూనో, క్రీమో రాయండి. పడకపోతే భయపడకుండా మళ్లీ ప్రయత్నిస్తానని అడగండి. అమెరికా విమానాశ్రయాల్లో మాటిమాటికీ ఆపుతుంటే 'డీహెచ్‌ఎస్ ట్రిప్' అనే ఫిర్యాదు ఏర్పాటు ఉంది, అర్జీ పెట్టుకోవచ్చు.

ఏం జరుగుతోందో చెప్పలేదు

మా తిరువూరు దాటితే తెలంగాణ. 2014 జూన్ 2 నుంచి అది రాష్ట్ర సరిహద్దు. రోజూ కూలీలు అటూ ఇటూ తిరుగుతారు. ఎవరూ వేలు చూపించమనరు. అమ్మకి తెలిసిన సరిహద్దు అదే.

అక్కడ దిగాక మళ్లీ వేళ్లు పడలేదు. పక్క గదిలో కూర్చోబెట్టారు. అక్క బయట, నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని. గంటన్నర తర్వాత పంపించారు.

"ఏమన్నారమ్మా?" అనడిగాను.

"ఏమీ అనలేదురా, మర్యాదగానే ఉన్నారు. మంచినీళ్లిచ్చారు. ఏం జరుగుతోందో మాత్రం చెప్పలేదు. వెనక్కి పంపేస్తారేమో, పిల్ల ఒక్కతే కనాలేమోనని గుండె దడదడలాడింది" అంది.

నేను అడిగేది కూడా పెద్దదేం కాదు. వేలు తీసుకునేవాళ్లు ఎందుకు తీసుకుంటున్నారో, ఎన్నాళ్లు ఉంచుకుంటారో, పడకపోతే ఏం చేస్తారో ఆ మనిషికి వచ్చిన భాషలో చెప్పాలి. మిషన్ ఫెయిలైతే ఆ భారం మిషన్ పెట్టినవాళ్లదే అవ్వాలి, మామిడికాయలు కోసినవాళ్లది కాదు.

పన్నెండు రోజులకి మేనకోడలు పుట్టింది. ఆసుపత్రిలో నర్సు ఆ పసి పాదాలకి సిరా రాసి, జ్ఞాపకంగా ఒక కార్డు మీద ముద్ర వేసిచ్చిందట. అమ్మ ఆ ఫొటో వాట్సాప్‌లో పంపి, కింద మెసేజ్ పెట్టింది.

"దీనికి అప్పుడే ముద్ర వేయించేశారురా. నేను తిరిగొచ్చేలోపు పలక కొని పంపు."