ఇంజనీర్ల సంఘంలో వైర్‌మన్‌కు పీట



కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు తాపీమేస్త్రీ కోసం పదిమందిని వాకబు చేస్తాం. వడ్రంగి అంతకుముందు చేసిన తలుపులు చూసి మరీ పని అప్పగిస్తాం. మరి కరెంటు పని చేసే మనిషి మాటేమిటి? "ఆ సందు చివర ఒకబ్బాయి ఉన్నాడు, పిలవండి" అంటాం. గోడ నెర్రెలిస్తే కంటికి కనబడుతుంది. వైరింగులో తప్పు మాత్రం గోడ లోపల దాక్కుంటుంది. తడిచేత్తో మోటారు స్విచ్చి ముట్టుకున్న రోజునే అది బయటపడుతుంది. మన ప్రాణం ఎవరి చేతిపని మీద ఆధారపడి ఉందో ఆ మనిషికి ఇంజనీర్ల వృత్తి సంఘంలో చోటు ఉండాలా? ఉంటే అతన్ని ఎలా రప్పించాలి? ఈరోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

వృత్తి సంఘం అంటే కూలి రేట్ల కోసం నిలబడే కార్మిక సంఘం కాదు. ఒక విద్య తెలిసినవాళ్ళు కలిసి, ఆ పని ఎలా చెయ్యాలో నియమాలు రాసుకుంటారు. కొత్త సంగతులు ఒకరికొకరు చెప్పుకుంటారు. అర్హత ఉన్నవాణ్ణి పరీక్షించి, "ఇతను పని తెలిసినవాడు" అని లోకానికి చెబుతారు.

ఇందుకు లండన్‌లోని ఒక సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. 1871లో అక్కడ తంతి ఇంజనీర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పుడప్పుడే వస్తున్న కరెంటు దీపాల వల్ల ఇళ్ళు అంటుకోకుండా 1882లో ఆ సంఘం మొదటి వైరింగు నియమాలు వెలువరించింది. 1888లో అది ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ అయింది. 2006లో మరో సంస్థతో కలిసి, ఇంజనీరింగ్, టెక్నాలజీల సంస్థగా పేరు మార్చుకుంది. నాటి నియమాలే పెరిగి పెద్దవై 1992లో బ్రిటిష్ స్టాండర్డ్ 7671గా మారాయి. 2018లో వాటి 18వ కూర్పు వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నియమాలు రాసేది ఇంజనీర్లు, వాటిని గోడలో అమర్చేది ఎలక్ట్రీషియన్. రాసేవాళ్ళు సంఘం లోపల ఉంటే, చేసేవాళ్ళు గుమ్మం బయట ఆగిపోతారు. "అది డిగ్రీవాళ్ళ సంఘం. ఏటా చందా కట్టి నేను పొందేదేమిటి?" అని పనివాడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఉపన్యాసాల్లో దొరకదు, ఉపయోగంలో దొరకాలి.

ఆ సంస్థ ఇచ్చిన జవాబులు మూడు చెబుతాను. మొదటిది పుస్తకం. పెద్ద నియమావళి పక్కన, పనిచోట చేతిలో పట్టుకొని చూసుకోవడానికి ఆన్-సైట్ గైడ్ అనే చిన్న పుస్తకం వేసింది. వైరింగ్ మ్యాటర్స్ అనే పత్రికను ఉచితంగా అందిస్తోంది. రెండవది మెట్టు. టెక్నీషియన్ సభ్యత్వమని ఒకటి ఉంది. ఇంజనీరింగ్ టెక్నీషియన్‌గా నమోదు కావడానికి కూడా డిగ్రీ అక్కర్లేదు. నేర్చుకున్నదానికీ, చేసిన పనికీ ఆధారాలు చూపాలి. అర్హత తేలితే ఆ హోదా అక్షరాలు పేరు పక్కన రాసుకోవచ్చు. మూడవది వేళకు అందే కబురు. బ్రిటన్‌లో ఇంటి వైరింగుకు ఎరుపు, నలుపు తీగలుండేవి. 2004లో వాటికి బదులు గోధుమరంగు, నీలం మొదలుపెట్టి, 2006 నుంచి కొత్త పనికి అవే తప్పనిసరి చేశారు. ఒకప్పుడు నేర్చిన విద్య ఎల్లకాలం చాలదనడానికి ఇదే సాక్ష్యం.

ఈ రంగుల గొడవ మన ఇళ్ళల్లోనూ ఉంది. మన గోడల్లో అలవాటుగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు. కొత్తగా కొన్న మిక్సీ తీగ విప్పితే గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు. మూడు ఫేజుల మోటారు వైరింగులో మాత్రం నీలం కూడా ఒక ఫేజే! ఈ తేడా ఎవరూ చెప్పకపోతే, నీలం తీగను న్యూట్రలనుకొని ముట్టుకున్న కుర్రవాడి గతి ఏమిటి?

మన దేశంలో చట్టం ఏమంటుందో కూడా విందాం. బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చడం వంటి చిన్న పనులు తప్ప, వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు ఎదుట, పర్మిటున్న వైర్‌మన్ చెయ్యాలని 1956 నాటి విద్యుత్ నియమాలు చెప్పాయి. ఆ పర్మిటు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదో, గుర్తించినదో అయి ఉండాలి. సరిహద్దువాళ్ళం ఈ మాట గుర్తుంచుకోవాలి. హోసూరులో పర్మిటు తీసుకున్నవాడు అత్తిబెలె దాటి పని ఒప్పుకునే ముందు, అక్కడ అది చెల్లుతుందో లేదో విద్యుత్ ఇన్‌స్పెక్టరు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

పర్మిటు గడప దాటిస్తుంది. ఆపైన ఎదగడానికి సంఘం కావాలి. మన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసులో రిజిస్టరైంది. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలో ఉంది. బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో రాష్ట్ర కేంద్రాలున్నాయి. ఇటువంటి సంస్థలు వైర్‌మన్‌ను రప్పించాలంటే ముందు తామే అతని దగ్గరకు రావాలి. పని ఉన్న రోజున నగరంలో సభ పెడితే అతను రాలేడు, ఆ రోజు కూలి పోతుంది. తాలూకా ఊళ్ళో సెలవునాటి సాయంత్రం ఎర్తు గొయ్యి తవ్వి చూపించండి, మీటరు పెట్టి కొలిపించండి, తప్పక వస్తాడు. చందా వాయిదాల్లో కట్టనివ్వండి.

భాష సంగతి మరీ ముఖ్యం. తరగతిలో కన్నడంలో పాఠం చెప్పి, బిక్కమొహం వేసిన పిల్లవాడికి తెలుగులో మళ్ళీ చెప్పడం నాకు రోజూ ఉన్నదే. ఫేజు, న్యూట్రలు, ఎర్తు అన్న మాటలు అన్ని భాషల్లోనూ ఒకటే. కాని ఇనప తొడుగుకు కరెంటు తగిలినప్పుడు అది మనిషి ఒంట్లోంచి కాక తీగ గుండా భూమిలోకి పోవడానికే ఎర్తు అని ఇంటి భాషలో చెబితే, ఆ కుర్రవాడు ఇంకెప్పుడూ ఎర్తు తీగ కత్తిరించి పారెయ్యడు.

వైరింగు పనిలో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చేసిన పని, వాడిన తీగ సైజు, ఎర్తు కొలత రాసి, పైన సూపర్‌వైజరుచేత సంతకం పెట్టించండి. రేపు ఏ సంస్థ ముందు నిలబడినా మీ అనుభవానికి అదే సాక్ష్యం. ఇంటి యజమానులు కూడా పని అప్పగించే ముందు పర్మిటు చూపించమని అడగండి. అలా అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కష్టపడి పర్మిటు తెచ్చుకున్నవాడికి దాన్ని చూపించడం గర్వంగానే ఉంటుంది.