స్ట్రైక్ అంటే కొట్టడమేనా?

మా చాలులో పై అంతస్తు పెద్దమ్మ మొన్న ట్రంకు పెట్టెలోంచి ఒక పాత కాగితం తీసింది. పెద్దనాయన పనిచేసిన మిల్లు 1983లో పంపిన ఇంగ్లీషు ఉత్తరం. పదో తరగతి మనవడు చదివి, "తాత పేరు మస్టరు నుంచి స్ట్రక్ ఆఫ్ అని ఉంది. అంటే తాత స్ట్రైక్ చేసిండని" అన్నాడు.

"సంపు చేసింది ఆయన ఒక్కడేనా? గిరణగావ్ మొత్తం చేసింది. ఇది ఇంకేదో ఉంది, నువ్వు చూడు బిడ్డా" అని నా చేతిలో పెట్టింది.

పిల్లవాడి తప్పేం లేదు. స్ట్రైక్ అనే క్రియకి మొదటి అర్థం కొట్టడం. జరిగిపోయిన పనికి స్ట్రక్ అంటారు. మన 'కొట్టు' కూడా చాలా దూరం దానితోనే నడుస్తుంది. గడియారం పది కొట్టింది, పిడుగు కొట్టింది - రెండూ స్ట్రక్కే. ఆలోచన తట్టింది అన్నా అదే మాట. అగ్గిపుల్లని మాత్రం మనం గీస్తాం, వాళ్లు కొడతారు!

మరి పని ఆపడానికి ఆ మాట ఎలా వచ్చింది? ఓడవాళ్ల భాషలో స్ట్రైక్ అంటే తెరచాప దించడం కూడా. 1768లో లండన్ రేవులో నావికులు కూలి కోసం తెరచాపలు దించేసి ఓడల్ని కదలనివ్వలేదు. ఆ మాటే ఒడ్డుకెక్కి, ఖాతాల్లోకి వచ్చి, 1982 జనవరి 18న దత్తా సామంత్ వెనక సాంచాలు ఆపిన రెండు లక్షల పైచిలుకు మన ముంబయి కార్మికుల నోట కూడా పలికింది.

ఇక చిన్న ముక్క 'ఆఫ్' చేరితే కథ మారిపోతుంది. కార్మికుడు స్ట్రైక్ చేస్తే పని ఆపినట్టు, అంతే, ఉద్యోగం అతనిదే. యజమాని పేరు స్ట్రైక్ ఆఫ్ చేస్తే మస్టరులో గీత పెట్టి కొట్టేసినట్టు. (మన భాషలో కొట్టేయడమంటే దొంగిలించడం కూడా. ఆ అర్థం ఇంగ్లీషు మాటకు లేదు, ఉంటే బాగుండేది.) పేరు కొట్టేశాం గానీ ఉద్యోగం తీయలేదు అనే మాట చెల్లదు. అలా కొట్టేయడం ఉద్యోగం తీసేయడమే, చట్టం ప్రకారం రిట్రెంచ్‌మెంటే అని 1977లోనే ఢిల్లీ క్లాత్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా చెప్పేసరికి పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "అయితే ఇది చింపేస్తా. ఇన్నేళ్లు ఎందుకు దాచిన్నో."

"వద్దు పెద్దమ్మా! 1982 జనవరి 1 నాడు గానీ తర్వాత గానీ మస్టరులో ఉన్నవాళ్లకే గదా మిల్లు కార్మికుల ఇళ్లు. 1983లో పేరు కొట్టేశారంటే, అప్పటిదాకా పేరు ఉన్నట్టే."

ఆమె కాగితాన్ని మళ్లీ మడతపెట్టి, మనవడికి ఇచ్చింది. "పో, రెండు జిరాక్స్ తీసుకరా. అసలుది వాని చేతికియ్యకు, నువ్వే పట్టుకో."