రీఫండ్ పూర్తిగా ఇచ్చారు, రూపాయలు తగ్గాయి

అమెరికా సైట్‌లో బూట్లు కొన్నాం, సైజు కుదరక తిప్పి పంపాం. అమ్మినవాళ్లు 200 డాలర్లూ వెనక్కి ఇచ్చేశామని మెయిల్ పెట్టారు. తీరా కార్డు స్టేట్‌మెంట్ చూస్తే కట్టినదానికంటే వెయ్యికి పైగా తక్కువ జమయింది. సైటు వాళ్లే మోసం చేశారని కొందరు అనుకుంటారు. డాలర్ రేటు పడిపోయింది, ఏం చేస్తామని కొందరు సరిపెట్టుకుంటారు. మొదటిది చాలాసార్లు తప్పు, రెండోది సగమే నిజం. డబ్బు ఎక్కడ జారిపోతోందో తెలిస్తే కొంతైనా ఆపుకోవచ్చు.

అపోహ: పూర్తి రీఫండ్ అంటే మనం కట్టిన రూపాయలన్నీ తిరిగి వస్తాయి.

అమ్మకందారు లెక్కంతా డాలర్లలో ఉంటుంది. 200 తీసుకున్నాడు, 200 ఇచ్చాడు, అతని వైపు లెక్క సరిపోయింది. మన వైపు మాత్రం కొనుగోలు ఒక లావాదేవీ, రీఫండ్ వేరే లావాదేవీ. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కులు రీఫండ్ తమ దగ్గర ప్రాసెస్ అయిన రోజు రేటుతో రూపాయల్లోకి మారుస్తాయి. మనం కొన్న రోజు రేటును ఎవరూ మన పేరిట పట్టి ఉంచరు. వస్తువు సముద్రం దాటి వెనక్కి చేరి, గోదాములో తనిఖీ అయ్యేసరికి వారాలు గడిచిపోతాయి. ఆలోగా రేటు ఎటైనా కదలవచ్చు.

అపోహ: పోయిన డబ్బంతా మారకపు రేటు వల్లే పోయింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. 2025 ఫిబ్రవరిలో డాలర్ విలువ రూ.87 దాటింది. మే మొదట్లో 84, 85 మధ్యకు దిగింది. రూ.87 ఉన్నప్పుడు 200 డాలర్లకు కొన్నారనుకోండి. అసలు సొమ్ము రూ.17,400. మన దేశంలో చాలా క్రెడిట్ కార్డులు విదేశీ కరెన్సీ లావాదేవీ మీద 3.5 శాతం దాకా మార్కప్ వేస్తాయి, అంటే రూ.609. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, అది సుమారు రూ.110. మొత్తం కట్టింది దాదాపు రూ.18,119.

రిటర్న్ సాగి సాగి, రేటు రూ.84.50 ఉన్నప్పుడు రీఫండ్ వచ్చిందనుకుందాం. జమయ్యేది రూ.16,900. బ్యాంకు మార్కప్ తిరిగి ఇవ్వకపోతే నష్టం రూ.1,219. ఇందులో రేటు తిన్నది రూ.500 మాత్రమే. మిగతా రూ.719 ఫీజు, దాని మీద పన్ను. రేటు ఒక్క పైసా కదలకపోయినా ఈ రూ.719 పోయేదే. రేటు ఒకసారి మనకు కలిసిరావచ్చు, ఒకసారి దెబ్బతీయవచ్చు. ఫీజు మాత్రం ఎప్పుడూ మన జేబులోంచే పోతుంది.

అపోహ: కొనుగోలే రద్దయింది కాబట్టి బ్యాంకు మార్కప్ కూడా వెనక్కి ఇస్తుంది.

కొన్ని బ్యాంకులు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కరెన్సీ మార్చిపెట్టే సేవ అప్పటికే అందించాం కాబట్టి ఫీజు మాదేనన్నది ఇవ్వని బ్యాంకుల వాదన. వస్తువే చేతిలో మిగలని ఖాతాదారుడి దగ్గర ఆ ఫీజు ఉంచుకోవడం నా దృష్టిలో న్యాయం కాదు. కానీ కార్డు నిబంధనల్లో అలా రాసి ఉంటే మన వాదన నిలబడదు. కార్డుతో పాటు వచ్చే ‘ముఖ్య నిబంధనలు, షరతులు’ పత్రంలో విదేశీ లావాదేవీల చార్జీల దగ్గర వెతకండి. అక్కడ స్పష్టత లేకపోతే బ్యాంకుకు మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో కస్టమర్ కేర్ చెప్పిన మాట రేపు ఆధారానికి పనికిరాదు.

అపోహ: సైటులో రూపాయల్లో చెల్లించే ఆప్షన్ ఎంచుకుంటే ఏ గొడవా ఉండదు.

కొన్ని విదేశీ సైట్లు చివర్లో ‘మీ కరెన్సీలో చెల్లిస్తారా’ అని అడుగుతాయి. రూపాయల మొత్తం ఎదురుగా కనబడుతుంది కాబట్టి ధైర్యంగా నొక్కేస్తాం. ఇక్కడ మార్పిడి చేసేది కార్డు నెట్‌వర్క్ కాదు, అమ్మకందారు పెట్టుకున్న సంస్థ. దాని లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది, చాలాసార్లు నెట్‌వర్క్ రేటు కంటే ఎక్కువే పడుతుంది. పైగా విదేశంలో నమోదైన అమ్మకందారుతో రూపాయల్లో జరిగిన లావాదేవీ మీద కూడా మన బ్యాంకుల్లో చాలావాటికి సాధారణంగా 1 శాతం చుట్టూ రుసుము ఉంది. రీఫండ్ అవే రూపాయల్లో వస్తుందన్న హామీ కూడా లేదు. చాలా సందర్భాల్లో అమ్మకందారు కరెన్సీలోనే చెల్లించడం మేలు.

మార్కప్ లేని కార్డులు ఇప్పుడు ఉన్నాయి. విదేశీ సైట్లలో తరచూ కొనేవారికి అవి నిజంగా ఉపయోగం. అయితే అవి ఫీజును తప్పిస్తాయే గానీ రేటు హెచ్చుతగ్గులను ఆపలేవు.

అపోహ: రీఫండ్ ఆలస్యమైతే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం రోజుకు రూ.100 పరిహారం వస్తుంది.

రాదు. విఫలమైన లావాదేవీలకు గడువులు, పరిహారం నిర్ణయిస్తూ 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం పంపేవారు, అందుకునేవారు ఇద్దరూ దేశంలోనే ఉన్న లావాదేవీలకు వర్తిస్తుంది. విదేశీ అమ్మకందారు పంపాల్సిన రీఫండ్ అందులోకి రాదు.

అపోహ: రీఫండ్ వస్తుంది కదా, ఈ నెల కార్డు బిల్లు ఆపవచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. గడువు తేదీలోగా రీఫండ్ జమకాకపోతే బకాయి మీద వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డులకు అది నెలకు 3 శాతం పైనే. రేటు తేడాతో పోయే సొమ్ము దీని ముందు చిన్నదైపోతుంది. బిల్లు కట్టేయండి, రీఫండ్ వచ్చాక ఆ సొమ్ము కార్డులో జమగా కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదే సమస్య తిరగేసి ఎదురవుతుంది. హైదరాబాద్ దుకాణం సైటులో చీర కొని తిప్పి పంపితే రీఫండ్ రూపాయల్లో బయలుదేరి డాలర్లుగా చేరుతుంది. అక్కడి చాలా కార్డులు విదేశీ లావాదేవీకి 3 శాతం దాకా వసూలు చేస్తాయి.

మరి తగ్గించుకునే దారి? ఆర్డర్ రద్దు చేయాలనుకుంటే వస్తువు బయలుదేరక ముందే చేయండి. చాలా సైట్లు అప్పటిదాకా సొమ్మును కార్డులో బ్లాక్ మాత్రమే చేసి ఉంచుతాయి. ఆ బ్లాక్ ఎత్తేస్తే రెండో మార్పిడి ఉండదు, నష్టమూ ఉండదు. అదే సైటులో మళ్లీ కొనే ఉద్దేశం ఉంటే రీఫండ్ బదులు వేరే సైజు గానీ, డాలర్లలో స్టోర్ క్రెడిట్ గానీ అడగండి. ఏదో ఒకటి సరిపోతుందిలే అని రెండు సైజులు తెప్పించే అలవాటు మన దేశపు సైట్ల దగ్గరే ఉంచుకోవాలి.

రీఫండ్ జమయ్యాక అనుమానం వస్తే వీసా, మాస్టర్‌కార్డ్ వెబ్‌సైట్లలో తేదీల వారీగా రేటు చూపే క్యాలిక్యులేటర్లు ఉన్నాయి. నెట్‌వర్క్ దగ్గర రీఫండ్ ప్రాసెస్ అయిన తేదీ ఇచ్చి, వచ్చిన మొత్తంతో పోల్చండి. తేడాకు కారణం నిబంధనల్లో లేకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు.