ఒంటరిగా తెప్ప మీద చేపలకు పోతున్నారా? చలి నీళ్ళలో పడ్డ మొదటి నిమిషం గురించి మాట్లాడుకుందాం

ఈరోజు స్టూడియోలో లేము. నా వెనక కనిపిస్తున్నది మీరాలం చెరువు. డిసెంబర్ నెల, టైం పొద్దున ఆరున్నర. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకున్నా పళ్ళు టకటకలాడుతున్నయి. కెమెరా పట్టుకున్న మా వాడు చేతులు జేబులో పెట్టుకునే వీలు లేక నన్ను లోపల్లోపలే తిట్టుకుంటున్నడు. వీడియో కొంచెం ఊగితే ఏమనుకోకండి.

పోయిన ఎపిసోడ్‌లో కొర్రమీను గురించి మాట్లాడుకున్నాం కదా. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. మృగశిర కార్తె నాడు దూద్‌బౌలి బత్తిని వాళ్ళ చేప మందులో వేసేది కూడా దాని పిల్లనే. ఆ వీడియో కింద కామెంట్లు చదువుతుంటే నాకు భయమైంది, నిజంగా చెప్తున్నా. "అన్నా, నేను ఒక్కడినే లారీ ట్యూబు మీద పోతా, తెల్లారి ఐదింటికల్లా నీళ్ళలో ఉంటా" అని ఒక తమ్ముడు. "థర్మాకోల్ తెప్ప నేనే కట్టుకున్నా, ఎట్లుంది చెప్పన్నా" అని ఫోటో పెట్టి ఇంకొకడు. షికాగోలో ఉన్న ఒక తమ్ముడేమో కయాక్ కొన్నాడట, ఎండాకాలం రాకముందే మిషిగన్ సరస్సులో దిగుతాడట. అందరి మాటా ఒకటే: "ఈత వస్తుంది అన్నా, ఏం కాదు."

ఆ "ఈత వస్తుంది" అనే మాట దగ్గరే మొదలుపెడదాం.

చలి నీళ్ళలో పడి చనిపోయేవాళ్ళలో చాలామంది గడ్డకట్టుకుపోయి చనిపోరు. సినిమాలో చూపించినట్టు పెదాలు నీలం తిరిగి, గంట తర్వాత మెల్లగా కళ్ళు మూసుకోవడం కాదు. మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. ఎందుకంటే చల్లటి నీళ్ళు ఒంటికి ఒక్కసారిగా తగలగానే చర్మం నుంచి మెదడుకు సిగ్నల్ పోతుంది. మన ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని ఒక పెద్ద ఊపిరి లోపలికి లాగుతాం. బకెట్ చన్నీళ్ళు నెత్తిన పోసుకుంటే "హా!" అంటాం చూడండి, అదే. బాత్రూంలో అయితే నవ్వుకుంటాం. ఆ "హా" అనే టైంలో తల నీళ్ళ కింద ఉంటే? ఊపిరితిత్తుల్లోకి గాలి బదులు నీళ్ళు పోతయి. దీన్ని కోల్డ్ షాక్ అంటారు. ఆ వెంటనే ఊపిరి చాలా వేగంగా అవుతుంది, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు ఒక్కసారి పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అక్కడే ప్రమాదం. ఈ టైంలో ఎంత గజఈతగాడైనా చేయీ కాలూ లెక్కలో పడవు, ఎందుకంటే ఈతకు ముందు కావాల్సింది ఊపిరి మీద పట్టు.

"అన్నా, ఇది హైదరాబాద్, మంచు దేశం కాదు" అంటారు. కరెక్టే. చలికాలం తెల్లవారుజామున మన దగ్గర గాలి 12, 15 డిగ్రీలు ఉంటే చెరువు నీళ్ళు దానికంటే వెచ్చగానే ఉంటయి. చేయి పెట్టి చూస్తే హాయిగా అనిపిస్తుంది కూడా. అదే మోసం. నీళ్ళు 25 డిగ్రీల కన్నా తగ్గితేనే ఊపిరి మీద ప్రభావం మొదలవుతుంది, 10, 15 డిగ్రీల దగ్గర అది పూర్తి స్థాయికి పోతుంది. పైగా నీళ్ళు మన ఒంట్లోని వేడిని గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తయి. అంటే మన చెరువులో ఐసు ప్రమాదం లేకపోవచ్చు, కానీ నిద్ర లేచి ఖాళీ కడుపుతో వచ్చి, చలికి కండరాలు బిగుసుకుపోయి ఉన్నవాడు అనుకోకుండా దభేలున పడితే ఆ మొదటి "హా" ఇక్కడ కూడా ఉంటుంది.

మరి పడితే ఏం చేయాలి? ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా వీడియో మర్చిపోయినా పర్లేదు. ఈత కొట్టొద్దు. అవును, మొదటి నిమిషం ఈత కొట్టొద్దు. వెల్లకిలా పడుకున్నట్టు తల వెనక్కి వాల్చండి, చెవులు నీళ్ళలో మునిగినా ఫర్వాలేదు, ముక్కూ నోరూ ఆకాశం వైపు ఉండాలి. చేతులు, కాళ్ళు మెల్లగా ఆడించండి. ఊపిరి నెమ్మదించే దాకా అంతే. బ్రిటన్‌లో సముద్రం మీద జనాన్ని కాపాడే ఆర్ఎన్ఎల్ఐ అనే సంస్థ ఏళ్ళ తరబడి జనానికి నేర్పుతున్నది ఇదే: ముందు తేలు, తర్వాత మిగతాది. ఆ దడ ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గుతుందని ముందే తెలిసి ఉండటమే సగం ధైర్యం.

కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆయన తనే మంచు నీళ్ళలో దిగి మరీ ఈ విషయం మీద పరిశోధన చేశాడు. ఆయన ఒక లెక్క చెప్తాడు: 1-10-1. ఒక నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. పది నిమిషాలు చేతులు, వేళ్ళు మన మాట వినే టైం. ఒక గంట, ఒళ్ళు చల్లబడి స్పృహ పోవడానికి. ఇది బాగా చల్లని నీళ్ళ లెక్క, మన దగ్గర ఇంకా ఎక్కువ టైం దొరుకుతుంది. షికాగో తమ్ముడూ, నీకు మాత్రం ఉన్నదున్నట్టు ఇదే లెక్క. అక్కడ మే నెలలో బయట ఎండ కాస్తుంది, టీషర్ట్ మీద తిరుగుతుంటారు, మిషిగన్ నీళ్ళేమో ఇంకా 10 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటయి. బయట వాతావరణం చూసి కాదు, నీళ్ళ వేడి చూసి బట్టలు వేసుకోవాలి. వెట్ సూట్ లేకుండా దిగకు.

ఆ పది నిమిషాల్లో చేయాల్సిన పని ఒకటే, తిరిగి తెప్ప మీదికి ఎక్కడం. ఎక్కడ చాలామంది తప్పు చేస్తరంటే, చెట్టు ఎక్కినట్టు నిలువుగా ఎక్కాలని చూస్తరు. కాళ్ళు తెప్ప కిందికి పోతయి, తెప్ప మీద పడుతుంది. అట్లా కాదు. తెప్ప అంచు పట్టుకుని, కాళ్ళు వెనక్కి చాపి నీళ్ళ పైకి తెచ్చి, కాళ్ళతో తన్నుకుంటూ పొట్ట మీద జారినట్టు పైకి రావాలి. బల్లి పాకినట్టు. ఎక్కాక లేచి నిలబడొద్దు, పడుకునే ఉండాలి. లారీ ట్యూబు అయితే ఎక్కడం ఇంకా కష్టం, జారుతుంది. అందుకే ట్యూబు చుట్టూ ముందే ఒక తాడు కట్టుకోండి, పట్టుకోవడానికి. పుట్టి అయితే బోర్లా పడ్డాక ఒక్కడివే ఎక్కడం దాదాపు కాని పని. దాన్ని వదలకుండా పట్టుకుని అరవండి. ఎండాకాలంలో ఒకసారి మోకాళ్ళ లోతు దాటిన చోట, పక్కన మనిషిని పెట్టుకుని ఈ ఎక్కడం ప్రాక్టీస్ చేయండి. పడ్డాక నేర్చుకునే విద్య కాదు ఇది.

ఇక్కడ మీరాలం గోడ సంగతి కూడా చెప్పాలి. 1804లో మొదలుపెట్టి రెండేళ్ళలో కట్టారు, నిజాం దగ్గర దివాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు మీద. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు పాతబస్తీ తాగింది ఈ నీళ్ళే. 21 అర్ధచంద్రాకారపు కమాన్లు పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటుంది, చూడ్డానికి ఎంత అందమో! కానీ నీళ్ళలో ఉన్నోడికి అది నిలువు రాతి గోడ, పాకర పట్టి జారుతుంది, పట్టుకోవడానికి అంచు దొరకదు. అందుకే దగ్గర ఉంది కదా అని గోడ వైపు ఈదడం తప్పు. ఇంకో పక్క గుర్రపుడెక్క. పైనుంచి పచ్చిక బయలు లాగ కనిపిస్తుంది, కింద వేర్లు కాళ్ళకు చుట్టుకుంటయి. ఏ చెరువైనా సరే, దిగే ముందే "పడితే ఎటు బయటికి రావాలి" అని ఒడ్డు మీద నిలబడి చూసుకోండి. దిగొద్దని బోర్డు ఉన్నచోట దిగకండి, అది వేరే చెప్పాలా.

లైఫ్ జాకెట్. తెలుసు, ఇప్పుడు సగం మంది వీడియో స్కిప్ చేస్తరు. అమెరికా కోస్ట్ గార్డ్ ప్రతి ఏడాది పడవ ప్రమాదాల లెక్కలు తీస్తుంది. మునిగి చనిపోయిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్ళే. చాలామందికి అది పడవలోనే ఉంటుంది, ఒంటి మీద ఉండదు. పడ్డాక నీళ్ళలో వేసుకుంటా అనుకోవడం, స్కూటర్ మీద పడుతుండగా హెల్మెట్ పెట్టుకుంటా అనడం ఒకటే. ఇందాక చెప్పిన "హా" టైంలో తలను నీళ్ళ పైన ఉంచేది అదే. రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్లు అమ్మే షాపులున్నయి. మీ బరువుకు సరిపోయేది తీసుకోండి. వేసుకుని బెల్టులన్నీ బిగించి, ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు.

చిన్న విషయాలు కొన్ని. విసురు వల తాడు మణికట్టుకు ఉచ్చు వేసుకుంటరు కదా. వల నీళ్ళలో కొమ్మకు పట్టిందంటే ఆ తాడే మిమ్మల్ని లాగుతుంది. గట్టి ముడి వేయొద్దు, లాగితే ఊడిపోయే ముడి వేయండి, మెడలోనో నడుముకో చిన్న చాకు ఉంచండి. వల విసరడానికి, ఒంటేలుకు అని నిలబడ్డప్పుడే ఎక్కువమంది పడతరు. ఒక్కరే ఉంటే మోకాళ్ళ మీదే ఉండి విసరండి, దూరం తక్కువ పోతే పోనీ. గమ్ బూట్లలో నీళ్ళు నిండితే బరువై కిందికి లాగుతయని అంటరు, అది నిజం కాదు, నీళ్ళలో నీళ్ళకు బరువుండదు. కానీ తెప్ప ఎక్కేటప్పుడు మాత్రం ఆ బరువంతా తెలుస్తుంది. నడుముకు చుట్టిన దుప్పటి కూడా అంతే. ఇక "చలి పోవడానికి ఒక పెగ్గు" అనే బ్యాచ్‌కు: మందు తాగితే రక్తం చర్మం దగ్గరికి వస్తుంది, వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. చాయ్ తాగండి.

ఫోన్ సంగతి. మన దగ్గర అందరికీ ఫోన్ ఉంది, నీళ్ళలో పడ్డాక పనికొచ్చేలా ఎంతమంది పెట్టుకుంటరు? తడి వేలికి టచ్ పలకదు. కవర్ ఉన్నా ఒకసారి ఇంట్లో బకెట్ నీళ్ళలో ముంచి, కవర్ మీదనుంచే ఫోన్ చేసి చూడండి. జేబులో కాదు, మెడలో వేసుకుని జాకెట్ లోపలికి తోసుకోండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ పోతుంది, సెట్టింగ్స్‌లోకి పోయి అది ఆన్ ఉందో లేదో ఇప్పుడే చూడండి. నంబర్ 112. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఉంటుంది. 8 గంటలది పెట్టి ఇంట్లో ఒకరికి పంపండి. ఫ్రెండ్స్ గ్రూపులో కాదు, ఒక మనిషికి. గ్రూపులో అందరూ "ఎవడో ఒకడు చూస్తడులే" అనుకుంటరు. అమ్మీకో, అన్నకో చెప్పండి: "ఎనిమిదింటికి ఫోన్ చేస్తా, ఎనిమిదిన్నర దాకా రాకపోతే ఈ చెరువుకు మనిషిని పంపు." పిచ్చోడిలా అనిపిస్తుంది, చెప్పండి.

ఒడ్డు మీద ఉన్నోళ్ళకు. ఎవరైనా మునుగుతుంటే ఎమోషన్‌లో దూకకండి, ఒక శవం బదులు రెండు లేస్తయి. 20 లీటర్ల వాటర్ క్యాన్ తెలుసు కదా, ప్రతి గల్లీలో ఉంటుంది. మూత గట్టిగా పెట్టిన ఖాళీ క్యాన్ 20 కిలోల దాకా పైకి మోస్తుంది. నీళ్ళలో మనిషిని తేల్చడానికి అంత అవసరం కూడా లేదు. దానికి తాడు కట్టి విసరండి. తాడు లేదా? లుంగీలు, దుపట్టాలు ముడేయండి. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెప్పుకుంటాం. ఆ రోజైనా ఈ రోజైనా నీళ్ళలో ఉన్నోడికి ముందు కావాల్సింది పట్టుకోవడానికి ఒకటి.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే కడుపు మీద నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం చేయకండి. పొట్టలో నీళ్ళు కక్కిస్తే ఊపిరి రాదు, టైం పోతుంది, పైగా ఆ కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108కి ఫోన్ చేయండి, వెల్లకిలా పడుకోబెట్టి ముందు నోటితో ఊపిరి ఇవ్వండి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో నొక్కండి. మునిగినవాళ్ళకు కరువైంది గాలి, అందుకే ఊపిరి ముందు. ఊపిరి ఉండి వణుకుతుంటే పడుకోబెట్టే ఉంచండి, తడి బట్టలు తీసి పొడి దుప్పటి చుట్టండి, చేతులూ కాళ్ళూ రుద్దొద్దు. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా సరే, దగ్గు వస్తుంటే, ఆయాసం ఉంటే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చివరగా, వేట మీదే బతికే కుటుంబాల పిల్లలు కొందరు ఇది చూస్తున్నారు, వాళ్ళకు ఒక మాట. నమోదైన మత్స్యకారులకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది, మనిషి పోతే 5 లక్షలు. మీ నాన్న పేరు అందులో ఉందో లేదో సొసైటీలో అడగండి.

ట్యూబు తమ్ముడూ, నీ కామెంట్ కింద రిప్లై పెట్టినా, చూడు. రేపు పోయే ముందు నాకొక మెసేజ్ పెట్టు. మా వాడి వేళ్ళు ఇంక పనిచేయట్లేదట, ఆపేస్తున్నాం. ఇరానీ చాయ్‌కి పోతున్నాం.