ఎగరగొట్టొద్దు.. ఆగి చూడండి!

బరంపురం: చలికాలం సెలవుల్లో గంజాం జిల్లా తెలుగు కుటుంబాలు చిలికాకు కదులుతాయి. రంభలోనో, బార్కుల్‌లోనో పడవెక్కడం, కనపడిన ప్రతి పెద్ద పిట్టనూ ‘సైబీరియా కొంగ’ అనేయడం మామూలే. నిజానికి ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కొంగలు కావు. బాతులు, బురదలో తిరిగే ఉల్లంకి జాతి పిట్టలు. వాటిలో ముఖ్యమైనది నల్లతోక గాడ్‌విట్.

యూరప్ నుంచి సైబీరియా, మంగోలియా దాకా ఉన్న తడి గడ్డి మైదానాల్లో ఈ జాతి గుడ్లు పెడుతుంది. అక్టోబరు నుంచి చిలికాకు గుంపులుగా చేరి, మార్చి, ఏప్రిల్‌లో తిరుగుముఖం పడుతుంది.

గుర్తుపట్టేదిలా..

పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు. కాళ్లు పొడుగు. ముక్కు తిన్నగా, మొదట్లో గులాబీ రంగు, కొసన నలుపు. ముక్కు కిందికి వంగి ఉంటే అది కర్ల్యూ. కొద్దిగా పైకి తిరిగి ఉంటే చారలతోక గాడ్‌విట్ కావచ్చు. అది ఎక్కువగా సముద్రపు ఒడ్డునే తిరుగుతుంది. చలికాలంలో నల్లతోక గాడ్‌విట్ ఒళ్లు బూడిద రంగులో ఉంటుంది. వెళ్లే రోజులు దగ్గరపడేకొద్దీ మెడ, రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతాయి.

ఎగిరినప్పుడైతే ఇక అనుమానమే అక్కర్లేదు. రెక్క మీద వెడల్పాటి తెల్ల పట్టీ, తోక మొదట్లో తెలుపు, చివర నల్లటి పట్టీ స్పష్టంగా కనిపిస్తాయి.

చిక్కంతా ఇక్కడే. ఫొటో కోసమని పడవ దగ్గరికి పోనిచ్చి, చప్పట్లు కొట్టి ఎగరగొట్టేవాళ్లూ ఉంటారు. పాపం, ఆ పిట్టకు అది మేత వేళ! పొట్ట లోతు నీళ్లలో నిలబడి, ముక్కు మొత్తం బురదలోకి దించి, పురుగులు, చిన్న నత్తల కోసం వెతుక్కుంటుంది. ముక్కు కొసకు స్పర్శ ఎక్కువ. బురద లోపలే కొసను మాత్రం పట్టకారులా తెరిచి మేతను పట్టేస్తుంది. రాలిన వడ్లు కూడా తింటుంది. అలా పట్టించిన కొవ్వే వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఇంధనం. ఊరికే లేపిన ప్రతిసారీ మేత పోతుంది, ఒంట్లో ఉన్న బలమూ ఖర్చవుతుంది.

వేటగాళ్లే కాపలాదారులు

ఖుర్దా జిల్లా టాంగీ దగ్గరి మంగళాజోడి ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడ్డ ఊరు. 2000 ప్రాంతం నుంచి పరిస్థితి మారింది. వేటాడిన చేతులే కాపలాకు దిగాయి. ఇప్పుడు అక్కడ మోటారు లేని నాటు పడవల్లో, వెదురు గెడలతో నెమ్మదిగా తోసుకుంటూ పక్షులను చూపిస్తున్నారు. పిట్టలు బతికుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని ఊరికి తెలిసొచ్చింది.

ఏటా జనవరిలో జరిగే లెక్కింపులో చిలికా పక్షుల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో పది లక్షలు దాటుతోంది. అయినా నల్లతోక గాడ్‌విట్‌కు నిశ్చింత లేదు. ప్రపంచవ్యాప్తంగా ముప్పుకు చేరువలో ఉన్న జాతుల్లో దీన్ని చేర్చారు. గుడ్లు పెట్టే గడ్డి నేలలు తరిగిపోవడమే ప్రధాన కారణం.

ఈసారి వెళ్తే బైనాక్యులర్ పట్టుకెళ్లండి. పడవను దూరంగానే ఆపమనండి. ఓ పావుగంట ఓపిక పడితే ఏ గద్ద నీడకో గుంపు తనంతట తానే లేస్తుంది. అప్పుడు తోక చూసుకోవచ్చు. పిల్లలకు కొంగేదో, గాడ్‌విట్ ఏదో చెప్పనూ వచ్చు.